కట్టె కొనే ముందు: పెద్దవాళ్ళకు నడక సాధనం ఎంచుకునే పద్ధతి

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, పాలమూరు న్యూటౌన్‌లో అయినా సర్జికల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఒకటే తంతు కనబడుతుంది. కొడుకో, మనవడో బైకు దిగి వస్తాడు. "మా నాయినకు నడవనీకి ఏదన్నా ఇయ్యిండ్రి" అంటాడు. "స్టిక్కా, వాకరా?" అని షాపాయన అడిగితే "ఏది మంచిదైతే అది" అంటాడు. నడవాల్సిన మనిషి మాత్రం ఎక్కడో ఊళ్ళో అరుగు మీద కూర్చొని ఉంటాడు. చెప్పులు కొనాలన్నా కాలు పెట్టి చూస్తాం కదా, ఒంటి బరువంతా మోపాల్సిన వస్తువును మాత్రం మనిషి లేకుండానే కొనేస్తాం. అట్లా కొన్నది నెల తిరిగేలోపు తలుపు వెనక్కి చేరుతుంది.

చేతికట్టెకైనా వాకర్‌కైనా ఖరీదు కంటే మూడు సంగతులు ముఖ్యం. మనిషికి ఏం చేతకావడం లేదు, ఎత్తు సరిపోయిందా, ఆ ఇంట్లో ఆ దారిలో అది నడుస్తుందా. ఈ వరుసలోనే చూసుకుంటూ పోదాం.

1. నొప్పా, బలహీనతా, తూలడమా?

ముందు ఆ మనిషిని ఇంట్లో పది అడుగులు నడవమని, పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడండి. ఒక కాలి మీద బరువు పడగానే ముఖం చిట్లించి తొందరగా రెండో కాలు వేస్తున్నారంటే అది నొప్పి. మోకాలి చిప్ప అరిగినవాళ్ళు, తుంటి కీలు పాడైనవాళ్ళు ఇట్లా నడుస్తారు. వీళ్ళకు కావాల్సింది ఆ కాలి మీది బరువును కొంత చేతికి మళ్ళించే సాధనం.

కాలు ఈడ్చుతున్నారా, మోకాలు గబుక్కున మడత పడుతోందా, తొడ మీద చెయ్యి ఒత్తి పెట్టి నడుస్తున్నారా? అది బలహీనత. పక్షవాతం వచ్చినవాళ్ళలో, చిన్నప్పుడు పోలియో సోకినవాళ్ళలో, ఆపరేషన్ అయి మంచం దిగుతున్నవాళ్ళలో ఇది కనబడుతుంది.

నొప్పి లేదు, బలమూ ఉంది, కానీ గోడలు పట్టుకుంటూ పోతున్నారు, తిరిగేటప్పుడు తూలుతున్నారు అంటే లోపం నిలకడలో ఉంది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలు ఎక్కడ పడిందో వాళ్ళకే తెలియదు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్ళు చిన్న చిన్న అడుగులతో ముందుకు వంగి ఉరుకుతున్నట్టు పోతారు. శుక్లాలు ముదిరినా అడుగు తడబడుతుంది. అప్పుడు కట్టె కంటే ముందు కంటి ఆపరేషన్ కావాలి. మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే, పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించండి. నిలబడగానే బీపీ పడిపోతుంటే వాడుతున్న మందులు డాక్టర్‌కు చూపించాల్సిందే. దాన్ని ఏ వాకరూ ఆపలేదు.

చాలామందిలో ఈ మూడూ కలిసే ఉంటాయి. ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందో దానికి తగ్గట్టు ఎంచుకోవాలి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం షాపుకు పోకండి, ఆసుపత్రికి పోండి. నిన్నటిదాకా బాగానే నడిచిన మనిషికి ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి కాలు పడిపోతే, మూతి వంకర పోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి బలం తగ్గుతుంటే, మూత్రం మీద అదుపు తప్పుతుంటే వెన్నుపూసలో నరం నొక్కుకుంటోందేమో చూపించాలి. కిందపడ్డాక కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాకే మిగతా మాట.

2. ఏది ఎవరికి

ఒక కాలిలోనే నొప్పి, మిగతా ఒళ్ళు గట్టిగా ఉంటే మామూలు చేతికట్టె చాలు. సరిగ్గా వాడితే ఒంటి బరువులో సుమారు నాలుగో వంతు దాకా దాని మీద మోపవచ్చు. పిడి విషయంలో కాస్త పట్టుదలగా ఉండండి. గొడుగు పిడిలాగా గుండ్రంగా వంగిన వంకీ తగిలించుకోవడానికి బాగుంటుంది గానీ, బరువంతా అరచేతిలో ఒక్కచోటే నొక్కుతుంది. వేళ్ళ కీళ్ళ నొప్పులున్నవాళ్ళకు వెడల్పుగా, పైభాగం చదునుగా ఉన్న పిడి మేలు.

గొల్లకురుమలు మందల వెంట పట్టుకుపోయే పొడుగు కట్టె సంగతి వేరు. చెల్కల్లో, రాళ్ళ దారుల్లో నిలకడకు అది భేషుగ్గా పనిచేస్తుంది. కానీ నొప్పి కాలి బరువు దాని మీద మోపలేం, ఎందుకంటే చెయ్యి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఇంట్లో పాత వెదురు కట్టె ఉంటే పారేయక్కర్లేదు. మణికట్టు ఎత్తుకు కోసి, పిడి బిగించి, కింద రబ్బరు బుష్ తొడిగితే పనికొస్తుంది. బుష్ కొనేటప్పుడు కట్టెను షాపుకు తీసుకుపోండి, వదులు బుష్ ఊడిపోతుంది.

నాలుగు కాళ్ళ స్టిక్ పక్షవాతం వచ్చినవాళ్ళకు మంచిది. ఒక చెయ్యి పనిచేయదు కాబట్టి వాకర్ పట్టుకోలేరు, మామూలు కట్టె నిలకడ సరిపోదు. దీన్ని నేల మీద వదిలినా దానంతటది నిలబడుతుంది. ఒక చిక్కు ఉంది. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనాలి, లేదంటే ఊగుతుంది. వేగంగా నడిచేవాళ్ళకు, ఎగుడుదిగుడు వాకిళ్ళకు ఇది పనికిరాదు. అడుగున కాళ్ళు ఒక పక్క దగ్గరగా, మరో పక్క దూరంగా చాచినట్టు ఉంటాయి. దూరంగా చాచినవి బయటికి ఉండాలి. తిప్పి పట్టుకుంటే వాటికే కాలు తట్టుకొని పడతారు. ఎడమ చేతికి మార్చాల్సి వస్తే అడుగు భాగాన్ని కూడా తిప్పి బిగించుకోవాలి, ఈ సంగతి షాపులో చాలామంది చెప్పరు.

చంక కర్రలు ఎముక విరిగి కొన్నాళ్ళు కాలు మోపవద్దన్నవాళ్ళకు. వయసులో ఉన్నవాళ్ళు త్వరగా నేర్చుకుంటారు, డెబ్బై దాటినవాళ్ళకు అవి భయమే తప్ప సాయం కావు. కర్ర పైభాగానికి, చంకకు మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. బరువు మోయాల్సింది అరచేతులు. చంకలతో వేలాడితే అక్కడి నరం నొక్కుకొని మణికట్టు వాలిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువ కాలం వాడాల్సినవాళ్ళకు మోచేతి కర్రలు నయం. పోలియో వచ్చి కాలిపర్ (కాలికి బిగించే ఆసరా పట్టీ) వేసుకొని నడిచేవాళ్ళు ఎక్కువగా వీటినే వాడతారు. నలభై యాభై ఏళ్ళు వచ్చేసరికి భుజాలు అరిగి నొప్పులు మొదలవుతాయి. అప్పుడు దూరాలకు వీల్‌చైర్, దగ్గరికి కర్రలు అని పంచుకోవడంలో తప్పేం లేదు.

రెండు కాళ్ళూ బలహీనంగా ఉన్నా, నిలకడ బాగా తగ్గినా వాకర్ తీసుకోండి. ఇందులోనే అందరూ గందరగోళపడేది. చక్రాలు లేనిది అన్నిటికంటే స్థిరం, కానీ ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టాలి. ఎత్తిన ఆ క్షణం మనిషి దేన్నీ పట్టుకొని ఉండడు. భుజాల్లో బలం లేనివాళ్ళు, వెనక్కి తూలే అలవాటున్నవాళ్ళు సరిగ్గా ఆ క్షణంలోనే పడతారు. ముందు రెండు చక్రాలు, వెనక రెండు రబ్బరు కాళ్ళు ఉన్న రకం ఎక్కువమందికి సరిపోతుందని నా అభిప్రాయం. నెడితే పోతుంది, బరువు వేస్తే ఆగుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు ఎత్తి పెట్టే వాకర్ అడుగుల లయను తెంపేస్తుంది, వాళ్ళకు చక్రాలున్నదే కావాలి.

నాలుగు చక్రాలు, బ్రేకులు, కూర్చోవడానికి సీటు ఉన్న రోలేటర్ చూడగానే ముచ్చటేస్తుంది. హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో పిల్లలు ఆన్‌లైన్‌లో పంపేది ఎక్కువగా ఇదే. కాళ్ళలో బలముండి, ఆయాసం వల్లనో నడుము నొప్పి వల్లనో మధ్యమధ్యలో కూర్చోవాల్సినవాళ్ళకు ఇది మంచి వస్తువు. బరువు మోపి నడవాల్సినవాళ్ళకు మాత్రం ప్రమాదం. మోపగానే ముందుకు ఉరుకుతుంది. బ్రేకు పట్టడం గుర్తుండనివాళ్ళకు, మతిమరుపు జబ్బున్నవాళ్ళకు అస్సలు ఇవ్వకండి. సీటు మీద కూర్చోబెట్టి మనవళ్ళు నెట్టుకుంటూ పోవడం కూడా వద్దు, అది వీల్‌చైర్ కాదు.

టార్చ్ లైటు, అలారం, రేడియో ఉన్న స్టిక్‌లు వస్తున్నాయి. డబ్బులు దండగ. రాత్రి కరెంటు పోతుందన్న భయముంటే, బావికాడికి పోయేటప్పుడు రైతులు తలకు కట్టుకునే లైటు ఒకటి మంచం దగ్గర పెట్టండి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

3. ఎత్తు: ఇక్కడ తొందరపడకండి

సాధనం ఏదైనా కొలత ఒకటే. మనిషి రోజూ వేసుకునే చెప్పులతో, తనకు వీలైనంత నిటారుగా నిలబడాలి. పట్టు కోసం పక్కన గోడో మనిషో ఉండాలి. చేతులు పక్కకు వదిలేయాలి. మణికట్టు లోపలి వైపు, అరచేయి మొదలయ్యే చోట ఒక మడత ఉంటుంది. నేల నుంచి ఆ మడత దాకా టేపుతో కొలవండి. పిడి పైభాగం సరిగ్గా ఆ ఎత్తులో ఉండాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీలు మడుస్తుంది. ఆ మడత ఉంటేనే చేతిలోకి బలం వస్తుంది.

కట్టె ఎత్తు ఎక్కువైతే భుజం చెవి వైపు లేస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తక్కువైతే మనిషి ఆ పక్కకు ఒరిగి నడుస్తాడు, నడుము నొప్పి మొదలవుతుంది. "కట్టె పట్టుకున్నంక నడుము నొప్పి ఎక్కువైంది" అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఎత్తు మార్చే కట్టె కింది రంధ్రాలనే.

ఒక పెద్దమ్మ ఇంట్లో చూశాను. మోకాళ్ళ నొప్పికి కొడుకు కొనిచ్చిన అల్యూమినియం కట్టె. షాపులో ఎట్లా ఉందో అట్లాగే ఉంది, ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. ఆమె పిడిని వదిలేసి, దాని కింద రాడ్డు మీద చెయ్యి వేసి నడుస్తోంది. పిడి ఆమె నడుము కంటే పైన ఉంది మరి. బటన్ నొక్కి మూడు రంధ్రాలు కిందికి దించాం. బటన్ టక్కున బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూసి, కింద రింగు బిగించాం. ఆమె నాలుగడుగులు వేసి, "గిదేనా? నేను దీని మీదనే కోపం చేసిన" అంది.

మన దగ్గర పెద్ద వయసు ఆడవాళ్ళలో నూటనలభై అయిదు సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవాళ్ళు చాలామంది. వాళ్ళ మణికట్టు నేల నుంచి డెబ్బై సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కొన్ని స్టిక్‌లకు, వాకర్లకు ఆఖరి రంధ్రం కూడా అంతకంటే ఎత్తే. కాబట్టి మనిషిని తీసుకుపోలేకపోతే, కనీసం కొలత కాగితం మీద రాసుకొని పోయి షాపులో టేపు పెట్టి చూసుకోండి. ఒళ్ళు భారీగా ఉంటే ఎన్ని కిలోల దాకా మోస్తుందో కూడా అడగండి.

వాకర్‌కు నాలుగు కాళ్ళూ ఒకే రంధ్రంలో ఉన్నాయా అని లెక్కపెట్టాలి. ఒకటి తప్పినా ఊగుతుంది. మోచేతి కర్రలకైతే పైన చేతిని పట్టే కప్పు మోచెయ్యి మడతకు రెండు మూడు వేళ్ళ కింద ఉండాలి.

4. ఫ్లోరైడ్‌తో వంగినవాళ్ళకు వేరే లెక్క

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు ఊళ్ళలో పై కొలతలు చాలామందికి పనిచేయవు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళే దశాబ్దాల పాటు తాగారు. కృష్ణా నీళ్ళు వచ్చాక, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పిల్లలకు ఆ గండం తప్పింది గానీ, అప్పటికే బిగుసుకున్న ఎముకలు వెనక్కి రావు. ఇప్పుడు యాభై, అరవై దాటినవాళ్ళు ఆ ఒంటితోనే నడవాలి.

వెన్ను కర్రలాగా బిగిసి ముందుకు వంగిపోతుంది. మెడ తిరగదు. మోకాళ్ళు పూర్తిగా చాపుకోలేరు, మోచేతులు మడత మీదనే ఉండిపోతాయి, భుజాలు పైకి లేవవు. కొందరికి పిడికిలి గట్టిగా పట్టదు. ఇట్లాంటి మనిషిని గోడకు నిటారుగా నిలబెట్టి మణికట్టు కొలవడమంటే లేని మనిషికి బట్టలు కుట్టినట్టే.

వీళ్ళకు కొలత ఎప్పుడూ వాళ్ళు మామూలుగా నిలబడే వంగిన తీరులోనే తీయాలి. ముందు ఒక బల్ల మీదో, కిటికీ అంచు మీదో చేతులు ఆనించి నిలబడమనండి. ఏ ఎత్తులో ఒంటి బరువు తేలిగ్గా చేతుల మీదికి వస్తోంది, ఏ ఎత్తులో ఎదుటి మనిషి ముఖం కనబడుతోంది అని వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పిన ఎత్తే సరైన ఎత్తు. పుస్తకం కొలతకు నాలుగు వేళ్ళు తక్కువైనా, ఎక్కువైనా ఏం కాదు. కట్టె పొడుగు చేస్తే నిటారుగా అవుతారని ఆశపడి ఎత్తు పెంచేవాళ్ళున్నారు. బిగిసిన వెన్ను కట్టెతో లేవదు, భుజం మాత్రం పోతుంది.

రెండో సంగతి, ఎత్తి పెట్టే వాకర్ వీళ్ళకు వద్దు. భుజం లేవనివాళ్ళు దాన్ని ఎట్లా ఎత్తుతారు? ముందు చక్రాలున్నది ఇవ్వండి. పిడికిలి పట్టనివాళ్ళకు, మోచెయ్యి చాచలేనివాళ్ళకు ముంజేతులు ఆనించుకునే మెత్తని తొట్టి లాంటి ఆసరా ఉన్న వాకర్లు దొరుకుతాయి. బరువంతా ముంజేతుల మీద పడుతుంది, వేళ్ళతో పనిలేదు. మామూలు షాపుల్లో తక్కువ, చెప్పి తెప్పించుకోవాలి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర పోయినవాళ్ళకు కూడా ఇదే సరైనది.

మెడ తిరగదు కాబట్టి వెనక నుంచి బండి వస్తే చూడలేరు. ఊరి రోడ్డు మీద వాకర్ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి, ట్రాక్టర్ ట్రాలీలకు అంటిస్తారు కదా, అదే. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో చిక్కగా కనబడుతుంది గానీ పెళుసు. వెన్నులో నరాల దారి అప్పటికే ఇరుకై ఉంటుంది. అందుకని వీళ్ళు పడకుండా చూడటం అందరికంటే ఎక్కువ ముఖ్యం. ఇంతకాలం కట్టెతో తిరిగిన మనిషికి కాళ్ళలో తిమ్మిర్లు పెరిగి, అడుగు బిగుసుకుంటుంటే "ఫ్లోరైడే కదా" అని ఊరుకోకుండా నరాల డాక్టర్‌కు చూపించండి.

5. ఇల్లు, వాకిలి, దారి

టేపు తీసుకొని తలుపులు కొలవండి. వాకర్ వెడల్పు రెండు అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాత ఇళ్ళలో బాత్రూం తలుపు కూడా అంతే, ఇంకా తక్కువ కూడా. తలుపులో పట్టకపోతే వాకర్‌ను పక్కకు తిప్పి దూరాలని చూస్తారు, పడేది అక్కడే. బాత్రూందాకా వాకర్, లోపల గోడకు స్టీలు రాడ్లు అని ఏర్పాటు చేసుకోవచ్చు. రాడ్డు గోడలోకి గట్టిగా బిగించాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు, నల్లా ఆసరా కావు.

తరువాత గడప. మన గడపలకు పసుపు కుంకుమ పెడతాం, తీసేయమంటే ఎవరూ ఒప్పుకోరు, అక్కర్లేదు కూడా. కట్టెతో నడిచేవాళ్ళు గడప దగ్గర ఆగి, కట్టె అవతల పెట్టి, బాగున్న కాలు దాటించి, తరువాత నొప్పి కాలు తెచ్చుకోవాలి. చక్రాల వాకర్‌కు, వీల్‌చైర్‌కు మాత్రం చెక్కతోనో సిమెంటుతోనో వాలు కావాలి. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు లెక్క. మూడంగుళాల గడపకు ఇటు మూడడుగులు, అటు మూడడుగులు. దానికి చోటు లేకపోతే చక్రాల ఆలోచన మానుకోండి.

షాబాద్ బండలు, తాండూరు బండలు పొడిగా ఉన్నప్పుడు బాగుంటాయి. తడి బట్ట పెట్టి తుడిచినప్పుడు, పొద్దున వాకిట్లో సానుపు చల్లినప్పుడు కొత్త బుష్ కూడా జారుతుంది. ఆరేదాకా బయటికి రావద్దని చెప్పండి, లేదా వాళ్ళు నడిచే దారి వదిలేసి చల్లండి. ఇంట్లో పరిచిన పట్టాలు, చాపలు, టీవీ వైర్లు తీసేయాలి.

మంచం సంగతి మరిచిపోతుంటారు. నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగి ఉంటాయి. మోకాళ్ళు నడుము కంటే పైకి వస్తాయి, అందులోంచి లేవడమే పెద్ద పని. నవారు బిగించి, కోళ్ళ కింద కదలని చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచితే సగం బాధ తగ్గుతుంది. తేలికైన ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు వెనక్కి జారుతుంది. చేతులున్న బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి.

చేనేత ఊళ్ళలో, పుట్టపాకలోనో నారాయణపేటలోనో, గుంట మగ్గం దిగి ఎక్కేవాళ్ళకు మోకాలు నొప్పి వస్తే ముందు గుంట అంచున పట్టుకోవడానికి ఒక గట్టి గుంజ పాతించండి. కట్టె తరువాత.

ఊరి దారికి వస్తే, సీసీ రోడ్డు ఉన్నంత మేర ఏదైనా నడుస్తుంది. నల్లరేగడి మీద వాన పడితే చిన్న చక్రాలకు మట్టి పట్టి కదలవు. ఎర్ర చెల్కలో సన్న కట్టె దిగబడుతుంది. పొలం దాకా పోయే అలవాటున్నవాళ్ళకు ఇంట్లోకి వాకర్, బయటికి వెడల్పు బుష్ వేసిన కట్టె అని రెండు పెట్టుకోవడమే మేలు.

6. పట్టుకోవడం, నడవడం

కట్టె నొప్పి లేని పక్క చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, నొప్పి పక్కనే ఆసరా ఉండాలనిపించడం సహజమే. కానీ నడకలో కుడి కాలు వేసినప్పుడు ఎడమ చెయ్యి ముందుకు వస్తుంది. కట్టె, నొప్పి కాలు కలిసి ముందుకు పడితే బరువు రెండింటి మీదా పంచుకుంటుంది. అటువైపు నుంచి ఆసరా ఉంటే తుంటి కండరాల మీద భారం కూడా తగ్గుతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కట్టె, నొప్పి కాలు ముందు. పక్కన పట్టుకునే రెయిలింగ్ ఉంటే ఒక చెయ్యి దాని మీదే ఉండాలి. మామూలు వాకర్‌తో మెట్లెక్కకండి. చెరువుగట్టుకో, మన్యంకొండకో మొక్కు ఉంటే బండి పోయినంత దూరం బండి మీద పోండి, దేవుడు ఏమీ అనుకోడు.

వాకర్‌తో వరుస ఇది: వాకర్ ఒక అడుగు ముందుకు, బలహీనమైన కాలు, తరువాత బాగున్న కాలు. మనిషి ఎప్పుడూ వాకర్ వెనక కాళ్ళ మధ్యలో ఉండాలి. దూరంగా నెట్టి వంగి నడవడం, ముందు రాడ్డుకు కాళ్ళు తగిలేంత దగ్గరికి పోవడం రెండూ వద్దు. లేచేటప్పుడు వాకర్‌ను పట్టుకొని లాగితే అది మీదికే తిరగబడుతుంది. కుర్చీ చేతుల మీద ఒత్తి లేచి, నిలబడ్డాక వాకర్ పట్టుకోవాలి. కూర్చునేటప్పుడు పిక్కలకు కుర్చీ తగిలేదాకా వెనక్కి వచ్చి, చేతులు కుర్చీ మీద పెట్టి మెల్లగా దిగాలి.

ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎత్తు. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక రద్దీ పెరిగింది, ఎక్కేటప్పుడు వెనక నుంచి తోస్తారు. కట్టె వెంట ఉన్నవాళ్ళ చేతికి ఇచ్చి, రెండు చేతులతో రాడ్డు పట్టుకొని, బాగున్న కాలు పెట్టి ఎక్కాలి. తోడు లేకపోతే కట్టెకు తాడు కట్టి మణికట్టుకు వేసుకోవచ్చు. అయితే అది బస్సు ఎక్కే వరకే. నడిచేటప్పుడు తాడు తీసేయాలి, కాళ్ళకు అడ్డం పడుతుంది.

మొదటి వారం ఎవరో ఒకరు పక్కన ఉండాలి. చెయ్యి పట్టుకొని లాగకుండా, బలహీనమైన పక్క కాస్త వెనగ్గా నిలబడి నడుము దగ్గర పట్టు ఉంచాలి. జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో ఒకసారి చూపిస్తే నడక సరిచేస్తారు.

7. "నాకెందుకు కట్టె" అనేవాళ్ళతో

"నేనేమన్న ముసల్దాన్నయిన్నా?" అని అవ్వ కోపం చేస్తుంది. నాయిన ఏమీ అనడు, కట్టెను ఒక మూలకు పెట్టేస్తాడు. భయపెడితే వినరు. "పడితే ఎవరు చేస్తరు" అన్న మాట ఇంట్లో అందరూ అనేదే, దాంతో వాళ్ళు బయటికి పోవడమే మానేస్తారు. నడక తగ్గితే కాళ్ళు ఇంకా బలహీనమవుతాయి. దానికంటే, వాళ్ళు మానేసిన ఒక పనిని అడ్డం పెట్టుకొని అడగడం నయం. శుక్రవారం గుడికి పోవడమో, హోటల్ కాడ చాయ్ తాగడమో. "తాతా, హోటల్ దాకా పోయొద్దాం, ఇది పట్టుకో" అని మనవడు అంటే పట్టుకుంటారు. రంగు, పిడి వాళ్ళనే ఎంచుకోనివ్వండి. అల్యూమినియం ఆసుపత్రి వస్తువులాగా ఉందంటే చెక్క కట్టె ఇవ్వండి, ఎత్తు సరిపోతే రెండూ ఒకటే.

8. సర్కారు నుంచి ఉచితంగా

చేతికట్టె ధర వందల్లోనే ఉంటుంది, రోలేటర్, వీల్‌చైర్ వేలల్లోకి పోతాయి. కొనే ముందు రెండు కేంద్ర పథకాలు చూడండి. వికలాంగులకు సాధనాలిచ్చే ఏడిప్ పథకం 1981 నుంచి ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉండి, కుటుంబ ఆదాయం పరిమితి లోపు ఉండాలి. పింఛను కోసం తీసుకున్న సదరం అనే వైకల్య సర్టిఫికెట్టే ఇక్కడా అక్కరకొస్తుంది. అది లేకపోతే ముందు వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రెండోది 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన. అరవై దాటిన పేద వృద్ధులకు చేతికట్టెలు, మోచేతి కర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఇస్తారు.

రెండింటికీ సాధనాలు ఎక్కువగా కాన్పూర్‌లోని అలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ నుంచి వస్తాయి. శిబిరం ఎప్పుడో కలెక్టరేట్‌లో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖలో అడగండి. బడి ఈడు పిల్లలకైతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో అడగాలి. పెద్దవాళ్ళ కోసం 14567 అనే హెల్ప్‌లైన్ కూడా ఉంది. శిబిరానికి కాగితాలతో పాటు మనిషిని తీసుకుపోండి. కొలతలు ఆ రోజే తీస్తారు, పంచేది తరువాత ఇంకో రోజు. ఏడిప్ కింద ఒకసారి తీసుకున్న రకం మళ్ళీ పెద్దవాళ్ళకు మూడేళ్ళ దాకా ఇవ్వరు కాబట్టి, "ఏదో ఒకటి రానీ" అని తోచింది రాయించుకోకండి. వాకర్ కావాల్సిన మనిషికి ట్రైసైకిల్ రాయించుకొని గొడ్ల కొట్టంలో పడేసినవాళ్ళున్నారు.

9. వారానికోసారి చూసుకోవాల్సింది

కట్టెను తిరగేసి బుష్ చూడండి. కొత్తదానికి అడుగున వలయాలుగా గాట్లుంటాయి. అవి అరిగి నున్నగా అయినా, ఒక పక్కే అరిగినా, పగిలి లోపలి లోహం కనబడినా అదే రోజు మార్చాలి. మన సీసీ రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్ళకు త్వరగా అరుగుతుంది. ఎండాకాలంలో వాకిట్లో వదిలేస్తే రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. ఎత్తు బటన్లు, వాకర్ మడత పెట్టే చోటి లాక్, రోలేటర్ బ్రేకు వైర్లు కూడా ఒకసారి లాగి చూడండి. చక్రాలకు చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు తీసేయండి.

మనిషి మారినా సాధనం మార్చాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు వాకర్ నుంచి కట్టెకు, కట్టె నుంచి ఖాళీ చేతులకు రావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళు నాలుగు కాళ్ళ స్టిక్ నుంచి మామూలు దానికి దిగవచ్చు. వయసుతో అటు నుంచి ఇటు కూడా జరుగుతుంది. కట్టె ఉండగానే గోడ కూడా పట్టుకుంటున్నారంటే వాకర్‌కు వేళైందని లెక్క. చిన్న చిన్న ఊళ్ళలో బుష్‌లు దొరకవు కాబట్టి, కొనే రోజే అదే సైజువి రెండు మూడు అదనంగా తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.